జిగురు కలిపేవాడు

ప్రపంచంలోని వింతలన్నీ ఒక రేకుల షెడ్డులో పట్టేస్తాయంటే ఎవరూ నమ్మరు. పట్టాయి మరి. తలుపు పక్కనే మోకాలెత్తు పిరమిడ్లు. పాత బీరువా వెనక నుంచి బయల్దేరి కిటికీ కింద దాకా మెలికలు తిరుగుతూ చైనా గోడ. దుమ్ము పడకుండా చిరిగిన దుప్పటి కప్పుకుని తాజ్ మహల్. ఇటలీ వాళ్ళ ఒరిగిన గోపురాన్ని చూసి షెడ్డుకి కొత్తగా వచ్చిన ప్రతివాడూ "అయ్యయ్యో, పడిపోతోంది" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. బాబిలోన్ వేలాడే తోటలు అటక మీద వేలాడుతుండేవి. "వీటిని కళ్ళారా చూసినవాడు ఇప్పుడు భూమ్మీద ఎవడూ లేడు. కాబట్టి తప్పు పట్టేవాడూ లేడు," అని వాటిని చేసినాయన నవ్వేవాడు.

ఆయన్ని అందరూ పెద్దమేస్త్రి అనేవారు. చెక్కముక్క, సున్నం ముద్ద, లప్పం, రాగితీగ, ఇంతే ఆయన సరంజామా. భార్య తొందరగా పోయింది. ఒక్కతే కూతురు. ఆ పిల్ల రంపపు పొట్టులో ఆడుకుని, రంపపు పొట్టులోనే నిద్రపోయి పెరిగింది. పాకే వయసులో నమూనాల మధ్య దూరిపోతుంటే తండ్రి "ఏయ్ చీమా, గోపురం కదిలిస్తావ్!" అని కేకలేసేవాడు. ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పుడు చీమ జుట్టులో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు మొలిచాయి. అయినా చీమ చీమే.

చీమ పని మనుషుల్ని చెయ్యడం. పిరమిడ్ల దగ్గర రాళ్ళు లాగేవాళ్ళు, చైనా గోడ మీద కాపలావాళ్ళు, తాజ్ మహల్ ముందు నోరెళ్ళబెట్టి నిలబడ్డ యాత్రికులు, అందరూ ఆమె సూదిమొన మీద పుట్టినవాళ్ళే. రాగితీగ వంచి, దానికి లప్పం అద్ది, ఒంటి వెంట్రుక కుంచెతో చొక్కా రంగు వేసేది. ఆ పని చేసేటప్పుడు ఊపిరి కూడా పక్కకి తిరిగి పీల్చుకునేది. తుమ్మొస్తే ఒక ఊరు ఊరే ఎగిరిపోతుంది మరి.

ఈ మనుషులు అలంకారానికి కాదు. పెద్దమేస్త్రి లెక్క వేరు. "కట్టడం ఎంత ఎత్తో టేపు చెప్పదే. దాని పక్కన నిలబడ్డ మనిషి చెబుతాడు," అనేవాడు. నిజమే. మోకాలెత్తు పిరమిడ్డు అడుగున ఏమీ లేకపోతే అదొక సున్నం ముద్ద. అక్కడ బియ్యపు గింజంత మనిషిని నిలబెట్టగానే అది ఆకాశంలోకి లేచి కూర్చునేది. మనిషిని కాస్త పెద్దగా చేస్తే కట్టడం కుంగిపోయేది, చిన్నగా చేస్తే లేచేది. తండ్రీకూతుళ్ళ గుట్టంతా అదే.

మనుషుల్ని చివర అతికించాలి, అది ఆ షెడ్డు పద్ధతి. గట్టిగా అతికించకూడదు కూడా. నమూనాని ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే ముందు మనుషుల్ని సూదితో ఊడదీసి రేకు డబ్బాలో దాచాలి. లేకపోతే బండి కుదుపులకి ఎవరి చేతులు, ఎవరి కాళ్ళు ఎక్కడుంటాయో తెలీదు. కొత్తచోటికి చేరాక పలచటి జిగురుతో మళ్ళీ నిలబెట్టాలి. అంతా అయ్యాక పెద్దమేస్త్రి నేల మీద మోకరిల్లి, చెంప బల్లకి ఆనించి, ఆ బుల్లి మనిషి కళ్ళతో కట్టడాన్ని చూసేవాడు. చూసి "ఊఁ" అంటే పని పూర్తయినట్టు. అనకపోతే మళ్ళీ మొదటికి.

ఇంత పనితనం ఉన్న మనిషికి నలుగురిలో నోరు పెగిలేది కాదు. "ఇది మీరే చేశారా?" అని ఎవరైనా అడిగితే భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకుంటూ నేలచూపులు చూసేవాడు. ఆ లోటు తీర్చడానికే అన్నట్టు దేవుడు ఆయనకో తమ్ముణ్ణిచ్చాడు. చీమకి బాబాయి. బాబాయి ఉలి పడితే చెక్క తెగేది కాదు, వేలు తెగేది. మాటలు మాత్రం కోటలు దాటేవి. ఆ కోటలు కట్టేది అన్న, దాటేది తమ్ముడు.

ఊళ్ళోవాళ్ళకి కబురు చెప్పడం, పత్రికల వాళ్ళని పిలవడం, చేతులు కలపడం, ఫొటోలకి నిలబడడం, అన్నీ బాబాయే. మొదట్లో "మేం చేశాం" అనేవాడు. తర్వాత్తర్వాత "మేం" కాస్తా "నేను" అయింది. ఎప్పుడు అయిందో పెద్దమేస్త్రి గమనించనే లేదు. చీమ గమనించింది గానీ, ఇంటి మనిషే కదా అని ఊరుకుంది. ఊరుకోవడమే తప్పయింది.

టౌన్‌హాల్లో మొదటి ప్రదర్శన పెట్టిన రోజున పెద్దమేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలుతో ఓ మూల నిలబడ్డాడు. పక్కన చీమ. హాలు నడుమ బాబాయి పత్రికాయనకి తాను నిద్రాహారాలు మాని చైనా గోడని ఎలా పేర్చాడో చెబుతున్నాడు.

"ఆ తువ్వాలు పెద్దాయన ఎవరండీ?" అడిగాడు పత్రికాయన.

బాబాయి వెనక్కి తిరిగాడు. అన్నని చూశాడు. తడుముకోవడం కూడా లేదు.

"ఆయనా? మా షెడ్డులో జిగురు కలుపుతాడు లెండి."

చీమ ఒక్కడుగు ముందుకేసింది. తండ్రి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఉలి పట్టిన చెయ్యి కదా, విడిపించుకోవడం ఆమె వల్ల కాలేదు. ఇంటికెళ్ళే బస్సులో కిటికీ బయటికి చూస్తూ, "జిగురు లేకపోతే ఏదీ నిలబడదు కదే చీమా," అని నవ్వాడు. 

మర్నాడు ఆయన షెడ్డుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని, ఏ పనీ చెయ్యని చేతుల్ని తువ్వాలుతో తుడుచుకుంటూ ఉండిపోయేవాడు. ఆ ఏడు వానలు పడకముందే పోయాడు. డాక్టరుకి రోగమేమిటో అంతుపట్టలేదు. చీమకి తెలుసు. మనిషిని చంపడానికి కత్తే కావాలా ఏం? తోడబుట్టినవాడి నోట్లోంచి వచ్చే ఒక్క మాట చాలు. ఆ రోజు అందరికంటే గట్టిగా ఏడ్చింది కూడా బాబాయే. ఏడుపులోనూ ఆయనే ముందు నిలబడాలి.

చీమ అరవలేదు. బాబాయితో మాట మానలేదు. మర్నాటి నుంచి ఎప్పట్లాగే షెడ్డుకి వెళ్ళి రాగితీగ వంచుకుంటూ కూర్చుంది. పిన్ని, అంటే బాబాయి భార్య, అందరితో "దానికి మనసులో ఏమీ ఉండదమ్మా, పిచ్చిమాలోకం" అని మెచ్చుకునేది. కోపం వచ్చినవాళ్ళు అరుస్తారు. పగ పట్టినవాళ్ళు పని చేసుకుంటారు. ఈ తేడా పిన్నికి తెలీదు. షెడ్డు వదిలితే నాన్న చేతి పనంతా బాబాయి పాలబడుతుందని చీమకి తెలుసు కాబట్టి అక్కడే ఉంది.

ఉండి ఏం చేసిందంటే, కొత్తగా ఒక మనిషిని చేసింది. గొంతుక్కూర్చుని, భుజాన తువ్వాలుతో, తల ఎత్తి పైకి చూస్తున్న ముసలాయన. పిరమిడ్ల దగ్గర రాళ్ళు లాగేవాళ్ళకి కాస్త ఎడంగా ఒకణ్ణి పెట్టింది. తాజ్ మహల్ ముందు ఒకణ్ణి. చైనా గోడ నీడలో ఒకణ్ణి. ఒరిగిన గోపురం కింద, వేలాడే తోటల్లో, ఈఫిల్ టవర్ కాళ్ళ మధ్య, ఒక్క కట్టడం కూడా వదల్లేదు. వంగి చూస్తే గానీ కనిపించడు. బాబాయి ఏనాడూ వంగలేదు. ఆయన చూపెప్పుడూ శిఖరాల మీదే.

ఇలా ఉండగా కొత్త మ్యూజియం కబురొచ్చింది. లోకంలోని గొప్ప కట్టడాల కోసం ప్రత్యేకంగా ఒక భవనం లేపుతున్నారట. నమూనాల్ని అద్దాల పెట్టెల్లో పెట్టి, కింద ఇత్తడి పలక మీద చేసినవాడి పేరు చెక్కి, శాశ్వతంగా ఉంచుతారట. మ్యూజియం పెద్దావిడే స్వయంగా వచ్చి చూసి నిర్ణయిస్తుందట. బాబాయి ఆగలేదు. పెళ్ళికి ముందే ఊయల కొన్నట్టు, పలకలన్నీ తన పేరుతో చెక్కించేసి షెడ్డుకి తెచ్చాడు.

చీమ ఒక పలక తీసి చూసింది. పేరు లోతుగా దిగింది. కాయితమైతే చించొచ్చు, రంగైతే గీకొచ్చు. ఇది ఎక్కిందంటే ఇక నాన్న ఈ లోకంలో లేనట్టే కాదు, ఎప్పుడూ లేనట్టే. సొమ్మొకడిది, సోకొకడిది అన్నది విన్నాం. ఇక్కడ సోకు ఇత్తడిలో పోతపోసుకుంటోంది.

"బాగున్నాయా?" అడిగాడు బాబాయి.

"మెరుస్తున్నాయి బాబాయ్," అంది చీమ.

బాబాయికి అన్న కట్టడాలు చాలలేదు. తనదంటూ ఒకటి ఉండాలనుకున్నాడు. పాత వింతలు సరే, రేపటి వింత ఏది? ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ కట్టనంత ఎత్తు టవర్. మేఘాల్ని చీల్చుకుపోవాలి. బొమ్మ తనే గీశాడు, అద్దాలు వేరేవాళ్ళ చేత కోయించాడు. నున్నటి నీలం అద్దాల గొట్టం. తలుపు లేదు, కిటికీ లేదు, మెట్టు లేదు, ఎక్కడా ఒక గీత లేదు. నడుమెత్తున ఉండేది. దాన్ని ఎత్తు బల్ల ఎక్కించేసరికి అందరి తలల మీదుగా చూసేది. పెద్దమేస్త్రి బతికి ఉంటే ఒకటే మాట అనేవాడు. తలుపు లేని కట్టడానికి మనిషే తలుపు, మనిషే కిటికీ. ఇంకేదీ దాని ఎత్తు చెప్పదు.

"ఇదిగో చీమా, దీనికి కూడా ఆ చిల్లర బొమ్మలు నాలుగు చేసి పెట్టు," అన్నాడు బాబాయి.

చిల్లర బొమ్మలు అన్న మాట విన్నాక చీమకి దారి కనిపించింది. ఇన్నాళ్ళూ ఎలా, ఎలా అని లోపల తిరుగుతున్న ప్రశ్నకి ఆయనే జవాబు తెచ్చి చేతిలో పెట్టాడు.

ఆ టవర్‌కి నువ్వుగింజంత మనుషులుండాలి. అంతకంటే పెద్దగా ఉండకూడదు. చీమ వాళ్ళని చేసింది, చక్కగా చేసి, రంగులేసి, రేకు డబ్బాలో దాచింది. తర్వాత తీరిగ్గా, నవ్వుకుంటూ, మరో జట్టుని చేసింది. ఒక్కొక్కరు వేలెడు. నలుగురు ఆడవాళ్ళు బిందెలతో వరసలో. ఒకడు బకెట్టుతో సైకిలు కడుగుతున్నాడు. చివరగా ఒక కుక్క, వెనక కాలు ఎత్తి. కుక్క కాలు ఎంత ఎత్తాలన్న దగ్గర ఆమె పొద్దస్తమానం కష్టపడింది. పనిలో అశ్రద్ధ నాన్న నేర్పలేదు కదా.

మ్యూజియం వాళ్ళు వచ్చే ముందురోజు మధ్యాహ్నం నమూనాలన్నీ టౌన్‌హాలుకి చేరాయి. బాబాయి జుట్టుకి నలుపు వేయించుకోవడానికి వెళ్ళాడు. హాల్లో చీమ ఒక్కతే మిగిలింది. తండ్రి కట్టడాలకి మనుషుల్ని ఒక్కొక్కరినే సూదిమొనతో నిలబెట్టింది. తువ్వాలు ముసలాయన్ని ప్రతిచోటా కూర్చోబెట్టింది. ఒక్కొక్క బల్ల దగ్గరా మోకరిల్లి, చెంప ఆనించి చూసి, తనే "ఊఁ" అనుకుంది. ఆఖర్న టవర్ దగ్గరికి వచ్చింది. బిందెలవాళ్ళని పెట్టింది. సైకిలువాణ్ణి పెట్టింది. కుక్కని, జనం లోపలికి వచ్చే వైపుకి తిప్పి, టవర్ మొదట్లో నిలబెట్టింది. ఒక్క అడుగు వెనక్కి వేసి చూసింది. మేఘాల్ని చీల్చే టవర్ లేదక్కడ. వీధి చివర నీళ్ళ ట్యాంకు ఉంది.

నువ్వుగింజ మనుషుల డబ్బా మాత్రం చేతిసంచిలోనే ఉంచుకుంది. ఎందుకంటే నాన్న గొంతు లోపల ఇంకా గొణుగుతోంది. ఒక్క అవకాశం ఇవ్వవే, ఎంతైనా నా తమ్ముడు, అంటోంది. సరే, అనుకుంది చీమ. రేపు పొద్దున బాబాయి దీన్ని చూసి ఇదేంటే అని అడిగితే, కట్టేవాడి కన్ను గోరంతైనా ఆయనకి ఉంటే, అక్కడికక్కడే మార్చేస్తాను. పగ కూడా మానేస్తాను. లేదా, ఇక నన్నాపొద్దు నాన్నా.

పొద్దున బాబాయి వచ్చాడు. నల్లటి జుట్టు, కొత్త ప్యాంటు, చెప్పుల బదులు బూట్లు. తిన్నగా టవర్ దగ్గరికి వెళ్ళి శిఖరం మీద వేలిముద్ర ఉంటే రుమాలుతో తుడిచాడు. లైటు పైకి తిప్పించాడు. తర్వాత చూపు కిందికి దిగింది. చీమ చేతిసంచి తెరిచి డబ్బా మీద చెయ్యి వేసింది.

"ఓహో! ఈసారి మనుషులు కనిపిస్తున్నారే!" అన్నాడు బాబాయి. "మీ నాన్నవి కళ్ళల్లో వత్తులేసుకుని చూసినా కనిపించేవి కావు. ఇలా ఉండాలి, నిండుగా! కుక్క కూడా ఉందే. భేష్."

తన కలని తను చూసుకునేవాడికి అది ఎప్పుడూ ఆకాశమంత ఎత్తే. పక్కన ఏనుగుని నిలబెట్టినా బాబాయికి తేడా తెలిసేది కాదు.

"మీకు నచ్చితే అంతే చాలు బాబాయ్," అంది చీమ. సంచిలో డబ్బా మూత గట్టిగా నొక్కింది. నాన్న గొంతు మళ్ళీ వినపడలేదు.

మ్యూజియం పెద్దావిడ వచ్చింది. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, నడకలో తొందర లేదు. వెనక నలుగురు అధికారులు, పత్రికల వాళ్ళు, ఊళ్ళో పెద్దమనుషులు. బాబాయి ముందు నడుస్తూ చెప్పుకుపోతున్నాడు. పిరమిడ్ల దగ్గర పెద్దావిడ ఆగింది. కాసేపు చూసి, పక్కవాడికి తన సంచి ఇచ్చి, నేల మీద మోకరిల్లింది. చెంప బల్లకి ఆనించింది. దూరంగా గోడ పక్కన నిలబడ్డ చీమ మునివేళ్ళ మీద లేచి చూసింది. నాన్న తర్వాత అలా చూసిన మనిషి ఈవిడే.

"అబ్బా, ఎంత ఎత్తు!" అంది పెద్దావిడ. మోకాలెత్తు పిరమిడ్డుని చూసి. అధికారులు కూడా ఒకరి తర్వాత ఒకరు వంగారు. వంగినవాడల్లా నోరు తెరిచాడు.

"ఈ మనుషుల్ని కూడా మీరే చేశారా?"

"ప్రతి ఒక్కణ్ణీ నా చేత్తోనే అమ్మా," అన్నాడు బాబాయి. "వెంట్రుక కుంచె. ఊపిరి బిగబట్టి చెయ్యాలి."

ఊపిరి బిగబట్టింది ఎవరో, చెబుతోంది ఎవరో. చీమ గోడకి ఆనుకుని వింటోంది. ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది ఆమె. ఆయన నోటితోనే ఆయన గోతి తవ్వుకోవాలి. తవ్వేశాడు.

తాజ్ మహల్ అయింది, గోడ అయింది, తోటలయ్యాయి. చివరికి, టవర్ మీద బాబాయి గుడ్డ కప్పించిన ఎత్తు బల్ల దగ్గరికి అందరూ చేరారు. బాబాయి గొంతు సవరించుకుని, ఇదివరకు చూసినవి నిన్నటి వింతలు, ఇది రేపటి వింత, మానవజాతి ఎత్తిన చెయ్యి, అంటూ ఇంకా చాలా చెప్పి, గుడ్డ లాగాడు.

చప్పట్లు మొదలయ్యాయి, మొదలైనచోటే ఆగిపోయాయి. ఎవరో వెనక నుంచి "నీళ్ళ ట్యాంకా?" అన్నారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు. ఒక పెద్దమనిషి కుక్కని చూశాడు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని హాలు చివరిదాకా పాకింది.

"ట్యాంకేంటండీ!" బాబాయి అరిచాడు. "ప్రపంచంలోకెల్లా ఎత్తయిన టవర్! పైకప్పు మేఘాల్లో ఉంటుంది!"

పెద్దావిడ కళ్ళద్దాలు సవరించుకుని బిందెలవాళ్ళని చూసింది. టవర్ని చూసింది. మళ్ళీ బిందెలవాళ్ళని చూసింది. "అయితే మేఘాలు బాగా కిందికి దిగినట్టున్నాయి," అంది. "లేదంటే ఈ ఆడవాళ్ళు తాటిచెట్ల కంటే ఎత్తయినా అయ్యుండాలి. ఈ కుక్క ఏనుగుకి అన్న."

హాలు గొల్లుమంది. బాబాయి ముఖంలో రంగులు మారాయి. అప్పుడు చూశాడు ఆయన, మొదటిసారి, కింద నుంచి పైకి. తన టవర్ తన కళ్ళ ముందే కుంగిపోయింది.

"ఆ బొమ్మలు నావి కావండీ! ఆ అమ్మాయి చేసింది, అదిగో, అది!"

"ఇందాక ప్రతి ఒక్కణ్ణీ నా చేత్తోనే అన్నారే?"

బాబాయికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. బొమ్మలు తనవంటే మనిషెంతో, మేడెంతో తెలియని మొద్దు. కావంటే అబద్ధాలకోరు. పెద్దావిడ గొంతు హెచ్చలేదు. "ఎవరు చేస్తేనేం లెండి. పొద్దుట్నుంచీ దీని పక్కనే ఉన్నారు కదా. ఆ పిరమిడ్లు చేసిన మనిషి దీన్ని చూసి ఒక్క నిమిషం ఊరుకుంటాడా?"

తేలు కుట్టిన దొంగలా అయ్యాడు బాబాయి. అరవలేడు, ఊరుకోలేడు. జనాన్ని తోసుకుంటూ చీమ దగ్గరికి వచ్చాడు. నుదుటి చెమటకి జుట్టు నలుపు కరిగి చెవి పక్కన గీతలా కారింది.

"చెప్పవే చీమా," అన్నాడు, గొంతు తగ్గించి. "నేనే చేశానని చెప్పు. పొరపాటైపోయిందని చెప్పు తల్లీ. పరువు పోతోందే!"

అందరూ చీమ వైపు తిరిగారు. ఆమె తొందరపడలేదు. ఎన్నాళ్ళ నుంచో నాలుక కింద దాచుకున్న మాట అది. తువ్వాలు లేదు గానీ, పైట చెంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకేం తెలుసండీ. నేను ఆయన షెడ్డులో జిగురు కలుపుతాను లెండి."

హాల్లో ఆ మాట ఎవరికీ ఏమీ అనిపించలేదు, ఒక్కడికి తప్ప. ఆ ఒక్కడూ దెబ్బ తిన్నట్టు వెనక్కి తూలాడు. గుర్తుంది ఆయనకి. మర్చిపోయాడేమో అని చీమ భయపడింది, పర్లేదు, గుర్తుంది. ఆమెకి కడుపు నిండినట్టయింది. కడుపు నిండా తిన్న రోజున కూడా అంత హాయిగా లేదు.

పెద్దావిడ ఇదంతా గమనిస్తూనే ఉంది. "ఇంకొక్క సంగతి అడగాలి," అంది. "అన్ని కట్టడాల దగ్గరా ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, తువ్వాలు వేసుకుని. ఈ టవర్ దగ్గర మాత్రం లేడు. ఎవరాయన?"

"ఎక్కడండీ?" అన్నాడు బాబాయి. నిజంగానే తెలీదు ఆయనకి.

"వంగి చూడండి."

కొత్త ప్యాంటుతో బాబాయి మోకరిల్లాడు. పిరమిడ్ల బల్లకి చెంప ఆనించాడు. చాలాసేపు లేవలేదు. అన్న అక్కడ కూర్చుని ఉన్నాడు, బియ్యపు గింజంత, ఎడమ భుజం కాస్త కిందికి వాలి, తల ఎత్తి, తను కట్టినదాన్ని తనే చూసుకుంటూ. ఇంత దగ్గరగా అన్న ముఖం బాబాయి ఎప్పుడు చూశాడో.

"మా అన్న," అన్నాడు ఎట్టకేలకి.

"ఏం చేసేవారు?"

 ఇదే ప్రశ్న, ఇదే హాలు. చీమ రెప్ప వెయ్యకుండా ఆయన్నే చూస్తోంది. మళ్ళీ అను చూద్దాం బాబాయ్. జిగురు అను. నోరు పెగలనిది ఈసారి బాబాయికి. నేలచూపులు చూశాడు.

"ఇవన్నీ... ఆయనే చేశాడండీ."

"టవర్?"

"అది నాది."

పెద్దావిడ లేచి, అధికారితో ఇత్తడి పలకలు మళ్ళీ చెక్కించాలని చెప్పింది. పెద్దమేస్త్రి పూర్తి పేరు చీమని అడిగి, అక్షరం అక్షరం రాయించుకుంది. చీమ ఆ కాయితం తీసుకుని ఒకసారి సరిచూసుకుంది. 

జనం వెళ్ళిపోయాక బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. పిన్ని నీళ్ళు తెచ్చిస్తే తాగలేదు. చీమ బిందెలవాళ్ళని, సైకిలువాణ్ణి, కుక్కని సూదితో ఒక్కొక్కటే ఊడదీస్తోంది.

"ఎంత పని చేశావే," అన్నాడు బాబాయి. "పాముకైనా ఇంత పగ ఉండదు. మీ నాన్నని ఎప్పుడో ఒక్క మాట అన్నందుకేనా ఇదంతా?"

"అవును బాబాయ్, ఒక్క మాటే," అంది చీమ. "నేనూ ఒక్క మాటే అన్నాను."

"మా అన్న బతికుంటే నన్ను క్షమించేవాడే!"

"క్షమించేవాడే. అందుకే ఆయన పోయేదాకా ఆగాను."

పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిచ్చిమాలోకాన్ని ఆవిడ అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది.  టవర్ బండెక్కి షెడ్డుకి తిరిగి వెళ్ళింది. మిగిలిన వింతలన్నీ మ్యూజియానికి వెళ్ళాయి.

అక్కడ అద్దాల పెట్టెలు మూసే ముందు మనుషుల్ని నిలబెట్టడానికి చీమని పిలిపించారు. నాన్న పేరున్న ఇత్తడి పలకని పైట చెంగుతో ఒకసారి తుడిచింది. అందరినీ వాళ్ళ వాళ్ళ చోట్లలో పెట్టింది. తువ్వాలు పెద్దాయన్ని పిరమిడ్డు ముందు కూర్చోబెట్టింది. తర్వాత సంచిలోంచి కొత్తగా చేసిన మనిషిని ఒకణ్ణి తీసింది. బియ్యపు గింజంత వాడు. నల్లటి జుట్టు, కొత్త ప్యాంటు, చేతిలో జిగురు బకెట్టు, నడుం సగానికి వంగి ఉంది. వాణ్ణి పెద్దాయన పాదాల దగ్గర నిలబెట్టి, మోకరిల్లి చూసింది. పిరమిడ్డు ఇదివరకటి కంటే ఇంకాస్త ఎత్తుగా కనిపించింది.

"ఊఁ," అంది.

మిగతా మనుషులందరినీ ఎప్పట్లాగే పలచగా అతికించింది, ఎప్పుడైనా ఊడదీయాల్సి వస్తుందని. వాడొక్కణ్ణి మాత్రం ఎప్పటికీ ఊడిరాకుండా చిక్కటి జిగురుతో అతికించింది. ఆ జిగురు తనే కలుపుకుంది.